బీఎస్సీతో సపోర్ట్ ఉద్యోగం, నాలుగున్నరేళ్లయింది: ఇప్పుడు ఏం చదవాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. 2020లో బీఎస్సీ (ఎంపీసీఎస్) 68 శాతంతో పాసయ్యాను. నాలుగున్నరేళ్లుగా మాదాపూర్‌లో ఓ కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తున్నాను. జీతం ఏడాదికి 5.2 లక్షలు. నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్. లినక్స్‌లో లాగ్‌లు చూడటం, ఎస్‌క్యూఎల్ క్వెరీలు రాయడం, బ్యాచ్ జాబ్ (వేళకు దానంతట అదే నడిచే ప్రోగ్రామ్) ఫెయిలైతే మళ్లీ నడపడం నా పని. మా కంపెనీలోనే డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లలోకి పంపి నడిపించే పని) టీమ్‌లో ఖాళీ ఉందంటే అప్లై చేశాను. బీటెక్ గానీ ఎంసీఏ గానీ ఉండాలని మొదట్లోనే పక్కన పెట్టేశారు. బయట రెండు కంపెనీలు పిలిచాయి, రెండుచోట్లా టెక్నికల్ రౌండ్‌లో పోయింది. అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు 80 వేలు అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ 1.8 లక్షలకు ఏడాదిలో ఎంటెక్ ఇప్పిస్తామంటోంది. మా అన్నయ్య అమెరికా వెళ్లి ఎంఎస్ చెయ్యమంటున్నాడు. నా దగ్గర 2 లక్షలున్నాయి. ఏం చదవాలి? పేరు వెయ్యొద్దు.

సమాధానం: మిమ్మల్ని సొంత కంపెనీలోనూ, బయటా కాదన్నారు గానీ, ఆ రెండింటికీ కారణం ఒకటి కాదు. సొంత కంపెనీలో మీ పని ఎవరూ చూడనే లేదు, డిగ్రీ పేరు చూసి ఆపేశారు. బయట కంపెనీల్లో డిగ్రీ ఎవరికీ అడ్డు రాలేదు, పిలిచారు, ప్రశ్నలు అడిగారు, అక్కడ జవాబులు చాలలేదు. మొదటిదానికి మందు గుర్తింపు ఉన్న డిగ్రీ. రెండోదానికి మందు చేత్తో చేసి నేర్చుకునే పని. డిగ్రీ తెచ్చుకుంటే ఇంటర్వ్యూ దానంతట అదే దాటదు. ఎన్ని సర్టిఫికెట్లు పెట్టినా డిగ్రీ పేరు చూసి ఆపే ఆ ఫిల్టర్ తెరుచుకోదు. కాబట్టి మీకు రెండూ కావాలి. డిగ్రీకి వీలైనంత తక్కువ డబ్బు, నైపుణ్యానికి వీలైనంత ఎక్కువ సమయం ఇవ్వండి.

ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి. మూడేళ్ల బీఎస్సీ మీద నేరుగా ఎంటెక్ చెయ్యడం కుదరదు, దానికి బీటెక్ గానీ ఎంసీఏ, ఎమ్మెస్సీ లాంటి పీజీ గానీ ఉండాలి. ఏడాదిలో అయిపోయే ఎంటెక్ అన్న మాటలోనే మోసం ఉంది. ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఇవ్వడానికి మన దేశంలో అనుమతి లేదు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్లు మళ్లీ పరీక్ష రాసి నిరూపించుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఫీజు కట్టి, ఉద్యోగం చేసుకుంటూ చదివినవాళ్లే నష్టపోయారు. ఆ కన్సల్టెన్సీకి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే చేతికివ్వకండి.

ఇలాంటిదే, దీనికంటే మర్యాదగా కనిపించే ఇంకో దారి ఉంది: ఊరి బయట కాలేజీలో రెగ్యులర్ ఎంసీఏలో చేరి, హాజరు వాళ్లే చూసుకుంటారులే అని ఉద్యోగం కొనసాగించడం. చాలామంది చేస్తున్నారు కాబట్టి పర్వాలేదనుకుంటారు. రేపు కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేటప్పుడు మీ యూఏఎన్‌తో (పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు) పీఎఫ్ సర్వీసు హిస్టరీ తీస్తుంది, యూనివర్సిటీకి మీ మెమో పంపి సరిచూస్తుంది. ఒకే నెలల్లో రోజూ కాలేజీలోనూ, రోజూ ఆఫీసులోనూ ఉన్నట్టు రెండు కాగితాలూ చెబుతాయి. అప్పుడు అనుమానం ఎంసీఏ మీదే ఆగదు, మీ నిజమైన నాలుగున్నరేళ్ల అనుభవం మీదకూ వస్తుంది. మీ దగ్గరున్న అసలు ఆస్తి అదే.

ఉద్యోగం చేస్తూ దాచాల్సిన అవసరం లేకుండా చదవాలంటే ఎంసీఏని ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చెయ్యండి. 2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్లకు తగ్గింది, నాలుగు సెమిస్టర్లు. ఎంపీసీఎస్ కాబట్టి గణితం అర్హతతో మీకు ఇబ్బంది లేదు. గుర్తింపు ఉన్న సంస్థ ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఆ మాటలో బరువంతా ‘గుర్తింపు ఉన్న’ అన్నదాని మీద ఉంది.

గుర్తింపు ఎలా చూడాలంటే, యూనివర్సిటీ పేరు జాబితాలో కనిపించగానే ఆగిపోకూడదు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో నాలుగు సంగతులు ఒకే వరసలో కలవాలి: యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు (ఎంసీఏ అని విడిగా ఉండాలి), పద్ధతి (ఆన్‌లైనా, దూరవిద్యా), మీరు చేరే విద్యా సంవత్సరం, సెషన్. అదే యూనివర్సిటీకి ఎంబీయేకి అనుమతి ఉండి ఎంసీఏకి లేకపోవచ్చు. పోయినేడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి, వెరిఫికేషన్‌లో ఎవరైనా అడిగితే అది అక్కరకొస్తుంది. యూనివర్సిటీలు ఫ్రాంచైజీలకు కోర్సు అప్పగించడం నిషేధం. కాబట్టి ఎక్కడో ఉత్తరాది యూనివర్సిటీ పేరుతో అమీర్‌పేట రెండో అంతస్తులో నడిచే ‘స్టడీ సెంటర్’కి ఫీజు కట్టొద్దు. డబ్బు యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి, రసీదు దాని పేరుతోనే రావాలి.

చేరేముందు డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదువులో వచ్చిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకుని, దాంతో యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ (దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలకు కావలసిన నంబరు) సృష్టించుకోవాలి. ఇక్కడే చాలామందికి పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తి పేరా అన్న చిన్న తేడా చాలు. ముందు ఆధార్‌ని పదో తరగతి మెమోకి సరిపోయేలా సరిచేయించుకోండి. ప్రవేశాలు ఏటా జులై, జనవరి సెషన్లలో జరుగుతాయి, ఒకటి తప్పినా ఇంకొకటి ఆరు నెలల్లో వస్తుంది.

ఇగ్నో ఎంసీఏ ఫీజు ప్రైవేటు ఆన్‌లైన్ ఎంసీఏల కంటే చాలా తక్కువ. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లలో పూర్తిచెయ్యొచ్చు, నైట్ షిఫ్టులున్న మీకు ఆ వెసులుబాటు ముఖ్యం. అక్కడ వెనకబడేది ఎక్కువగా అసైన్‌మెంట్ల దగ్గర. గడువులోగా ఇవ్వకపోతే పరీక్ష బాగా రాసినా ఆ సబ్జెక్టు పూర్తికాదు. ప్రైవేటు వాటిలో వీడియోలు, యాప్, గుర్తుచేసే ఫోన్లు ఉంటాయి. వాటికోసం లక్ష పైన కట్టాలా అన్నది మీ క్రమశిక్షణను బట్టి ఉంటుంది. నైట్ షిఫ్టులు చేస్తూ ఈ ఉత్తరం ఇంత వివరంగా రాసిన మనిషికి ఆ ఫోన్లు అక్కర్లేదని మా నమ్మకం. మిగిలే డబ్బు వేరేచోట కావాలి.

సమయం లెక్క కూడా ముందే వేసుకోండి. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టరుకు 20 క్రెడిట్లయితే 600 గంటలు, 24 వారాలకు పంచితే వారానికి 25 గంటలు. నైట్ షిఫ్ట్ చేస్తూ అది అసాధ్యం. మీకు తెలిసిన సబ్జెక్టుల్లో అంత పట్టదు గానీ, వారానికి 10 గంటలకు తక్కువైతే సెమిస్టర్ చివర మోత బరువు భరించలేరు. షిఫ్ట్ దిగి వచ్చాక చదవాలని పెట్టుకోకండి, ఆ రెండు గంటలూ కళ్లు అక్షరాల మీద ఉంటాయి గానీ మనసు నిద్రలో ఉంటుంది. నైట్ వారాల్లో షిఫ్ట్‌కి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర, అదీ పాత పాఠాల పునశ్చరణకే. కొత్త విషయం డే షిఫ్ట్ వారాల్లో.

ఇక ఇంటర్వ్యూల సంగతి. అసలు శ్రమ ఇక్కడ పెట్టాలి.

సపోర్ట్‌లో నాలుగేళ్లు చేసినవాళ్లకు ఒక అలవాటు పడుతుంది: టికెట్ (సమస్య ఫిర్యాదు) వస్తుంది, రన్‌బుక్ (ఏ సమస్యకు ఏం చెయ్యాలో రాసిన పుస్తకం) తెరుస్తాం, అందులో ఉన్నట్టు చేస్తాం, టికెట్ మూసేస్తాం. ఎస్‌ఎల్‌ఏ (ఒప్పుకున్న గడువు) లోపల మూశామా అన్నదే కొలత. ఎందుకు చెడింది అన్నది వేరే టీమ్ పని. డెవాప్స్, ఎస్‌ఆర్‌ఈ (సిస్టమ్‌లు ఆగకుండా చూసే ఇంజనీర్) ఇంటర్వ్యూల్లో సరిగ్గా ఆ ‘ఎందుకు’నే అడుగుతారు. ఒక ఉదాహరణ: సర్వర్‌లో డిస్క్ నిండింది, పెద్ద లాగ్ ఫైలు తీసేశారు, అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ ఇంకా నూరు శాతమే చూపిస్తోంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూతో కూడితే సగం కూడా లేదు. ఏం జరిగింది? ఫైలు పేరు పోయింది గానీ, ఆ ఫైలును ఒక ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంది, అది వదిలేదాకా ఆ చోటు ఖాళీ కాదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రాసెస్ ఏదో పట్టుకుని దాన్ని రీస్టార్ట్ చెయ్యాలి. అసలు నడుస్తున్న లాగ్‌ని డిలీట్ చెయ్యకుండా లోపలిది ఖాళీ చేస్తే ఈ తిప్పలే ఉండవు. ఇంకో రకం: డిస్క్‌లో జాగా ఉంది, అయినా కొత్త ఫైలు పుట్టడం లేదు. లక్షల చిన్న ఫైళ్లతో ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోయాయన్నమాట. ఈ రెండూ మీరు షిఫ్టుల్లో చూసే ఉంటారు. ‘సర్వీస్ రీస్టార్ట్ చేస్తాం’ అన్న జవాబు దగ్గర ఇంటర్వ్యూ ఆగిపోతుంది, ఫైలు ఎవరు పట్టుకున్నారో చెప్పగలిగితే ముందుకు వెళ్తుంది.

కాబట్టి కోర్సు కొనడానికి ముందు ఒక పని చెయ్యండి. గత మూడు నెలల్లో మీరు మూసిన టికెట్లను కారణాన్ని బట్టి గుంపులు చెయ్యండి. ఐదారు కారణాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: డిస్క్, మెమరీ, గడువు తీరిన సర్టిఫికెట్, డేటాబేస్ కనెక్షన్లు అయిపోవడం, పైనుంచి ఫైలు ఆలస్యంగా రావడం. ఒక్కోదానికి అసలు కారణం ఏమిటో, ముందే ఎలా తెలుసుకోవచ్చో ఒక పేజీ రాయండి. ఆరు పేజీలు. ఏ ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్ కంటే కూడా ఇవి మీకు ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

వాటిలో ఒకదాన్ని పైథాన్‌తో ఆటోమేట్ చెయ్యండి. బ్యాచ్ జాబ్ ఫెయిలవడమే తీసుకోండి: లాగ్‌లో చివరి 50 లైన్లు చదవాలి, తెలిసిన కారణమైతే మళ్లీ నడపాలి, తెలియనిదైతే ఆ లైన్లతో సహా మెయిల్ పంపాలి. ఒక మెలిక ఉంది. సగం పని చేసి ఆగిన జాబ్‌ని మళ్లీ నడిపితే అవే ఎంట్రీలు రెండోసారి పడొచ్చు. అలా పడకుండా ఏం జాగ్రత్త తీసుకున్నారన్నదే మీ స్క్రిప్టులో అడగదగ్గ ప్రశ్న, తప్పకుండా అడుగుతారు. మేనేజర్ ఒప్పుకుంటే ఆఫీసులోనే వాడండి, నెలకు ఎన్ని టికెట్లు తగ్గాయో లెక్క రాసుకోండి, ఆ అంకె రెజ్యూమెలో మొదటి వాక్యం కావాలి. గిట్‌హబ్‌లో పెట్టేది మాత్రం ఇంట్లో కల్పిత డేటాతో మళ్లీ రాసింది కావాలి. కంపెనీ లాగ్, కోడ్, సర్వర్ పేరు ఒక్కటి బయటికొచ్చినా ఉద్యోగానికే ముప్పు.

నేర్చుకోవాల్సిన వరస: మొదట లినక్స్, నెట్‌వర్కింగ్ బేసిక్స్, తర్వాత పైథాన్, గిట్, ఆ తర్వాత ఏదో ఒక క్లౌడ్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్లు), టెర్రాఫామ్ (ఆ సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే సాధనం), చివరగా డాకర్ (ప్రోగ్రామ్‌ని కంటైనర్‌గా మూటకట్టేది), కుబర్నెటీస్ (అలాంటి కంటైనర్లను ఎన్నో మెషిన్ల మీద నడిపించేది). చాలామంది చివరి నుంచి మొదలెట్టి, పాడ్ (కుబర్నెటీస్ నడిపే కంటైనర్ల గుంపు) ఎందుకు ఆగిపోతోందో తెలియక తలపట్టుకుంటారు. అది చాలాసార్లు లినక్స్ మెమరీ సమస్యో, డీఎన్‌ఎస్ సమస్యో అయి ఉంటుంది. ఎంసీఏ తొలి సెమిస్టర్లలో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్‌లను ఇంటర్వ్యూ కోసం చదువుతున్నట్టే చదవండి, ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఆ సబ్జెక్టులకు యూనివర్సిటీ మెటీరియల్ చాలకపోతే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు ఉచితం. పరీక్ష రాయాలనుకుంటే కోర్సుకు 1,000 రూపాయలు. పరీక్షకు 75, అసైన్‌మెంట్లకు 25 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే పరీక్షలో 30, అసైన్‌మెంట్లలో 10 తప్పనిసరి. పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉంది.

క్లౌడ్ సాధన మొదలుపెట్టిన రోజే బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి. నేర్చుకునేవాళ్లకు బిల్లు వచ్చేది ఎక్కువగా మరిచిపోయిన వాటివల్లే. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కి కలిపేది) ఒకసారి పెట్టి వదిలేస్తే వాడినా వాడకపోయినా గంటగంటకూ బిల్లు పడుతూనే ఉంటుంది. యాక్సెస్ కీలు (క్లౌడ్ ఖాతా తాళాలు) గిట్‌హబ్‌లోకి పొరపాటున వెళ్తే నిమిషాల్లో ఎవరో పట్టుకుని మీ ఖాతాలో మెషిన్లు నడుపుతారు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే 16కి పెంచుకోండి, రెండుమూడు వర్చువల్ మెషిన్లు నడపడానికి అది కావాలి.

సర్టిఫికేషన్లలో మీకు రెండు చాలు. మొదట ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్: 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, పాస్ కావాలంటే 1000కి 720, మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత సీకేఏ, అంటే కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్. అది ఆప్షన్లు టిక్ పెట్టే పరీక్ష కాదు, రెండు గంటలు నిజమైన క్లస్టర్ల మీద పని చేసి చూపించాలి. 66 శాతం వస్తే పాస్. ఫెయిలైతే ఒకసారి ఉచితంగా మళ్లీ రాయొచ్చు. రెండేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఉద్యోగం మారాలనుకునే సమయానికి దగ్గరగా రాయండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే డంప్‌లు (దొంగతనంగా బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) చదివి పాసవకండి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

డేటా సైన్స్ కోర్సు వద్దంటాం. ఆ రంగం చెడ్డదని కాదు. దానికి కావలసిన సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా ఆరు నెలల కోర్సులో రావు, పైగా మీ నాలుగున్నరేళ్ల అనుభవం అక్కడ లెక్కకు రాదు, ఫ్రెషర్లతో కలిసి మొదటి నుంచి నిలబడాలి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తాం’ అంటే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. పీఎఫ్ రికార్డు, ఫారం 26ఏఎస్ (ఎవరు మీ జీతంలో పన్ను కోశారో చూపే కాగితం) చూస్తే లేని ఉద్యోగం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. గణితం మీద నిజంగా మనసుంటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఉంది: నాలుగు వారాల క్వాలిఫయర్ దాటి చేరాలి, పరీక్షలు సెంటర్లో, ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ ఏ మెట్టు దగ్గరైనా ఆగొచ్చు. కానీ నాలుగేళ్ల బీఎస్ కోసం 142 క్రెడిట్లు కావాలి. ఇప్పుడు మీకు అడ్డుపడుతున్న ఫిల్టర్‌కి ఎంసీఏ దగ్గరి దారి.

అమెరికా గురించి మీ అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఒక సంగతి ముందుంచండి. అక్కడి చాలా యూనివర్సిటీలు ఎంఎస్‌కి నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీకి సమానమైనది అడుగుతాయి, మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే చాలదంటాయి. హెచ్1బీ (ఉద్యోగ వీసా) దగ్గర మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని ఒక ఏడాది చదువుతో సమానంగా లెక్కించే నిబంధన ఉంది గానీ, గ్రీన్‌కార్డ్ రెండో కేటగిరీలో మూడేళ్ల డిగ్రీకి అనుభవం కలిపి లెక్కించనివ్వరు. ఎంసీఏ అయ్యాక మీ చదువు మొత్తం 17 ఏళ్లవుతుంది, అప్పుడు దరఖాస్తు చేస్తే మొదటి అడ్డంకి చాలావరకు తొలగుతుంది. చదువయ్యాక ఓపీటీ (అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకు ఇంకో 24. ఆ 36 నెలల్లో తీరగలిగే అప్పేనా అన్నది ఇప్పుడే కాగితం మీద వేసి చూడండి. రెండేళ్లు ఆగితే మీరు కోల్పోయేది ఏమీ లేదు.

ఎంటెక్ కల నిజంగా ఉంటే దానికీ ఎంసీఏయే మెట్టు. గేట్ రాయడానికి మీ బీఎస్సీ సరిపోతుంది గానీ, రాయడానికి అర్హత వేరు, సీటుకు అర్హత వేరు, సీటు దగ్గర బీటెక్, ఎంసీఏ, ఎమ్మెస్సీలు అడుగుతారు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఎంసీఏ చివరి ఏడాదిలో రాయడం మేలు. గేట్‌తో సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, మీ ఇప్పటి జీతం ఆగిపోతుంది. ఇంట్లో ఆ జీతం మీద ఎవరైనా ఆధారపడి ఉంటే ఆలోచించుకోండి. ఉద్యోగం వదలకుండా అయితే బిట్స్ పిలానీ వర్క్ ఇంటిగ్రేటెడ్ ఎంటెక్: నాలుగు సెమిస్టర్లు, వారాంతపు క్లాసులు, చివర డిసర్టేషన్. దానికి ఎంసీఏలో 60 శాతం కావాలి. అందుకే ఏదో పాసైతే చాలనుకోకుండా ఆ 60 దాటేలా రాయండి.

మీ కంపెనీ ఉన్నత చదువులకు డబ్బిస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఇస్తే ఒప్పందంలో రెండు విషయాలు చదవండి: ఎన్నేళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నెలల మేరకేనా. మొత్తం కట్టాలని ఉంటే సొంత డబ్బుతో చదవడమే నయం, ఎందుకంటే మీరు ఈ చదువు చదువుతున్నదే మారడానికి. డబ్బు తీసుకోకపోయినా చేరినట్టు ఒక మెయిల్ పెట్టి ఉంచండి: ‘ఫలానా యూనివర్సిటీలో ఫలానా సెషన్ నుంచి దూరవిద్యలో ఎంసీఏ చేస్తున్నాను, పని వేళలకు అడ్డు రాదు, పరీక్ష తేదీలు రాగానే సెలవు అడుగుతాను’. రేపు వెరిఫికేషన్‌లో ఈ మెయిల్ మీకు సాక్ష్యం.

ఒక చిన్న పని మాత్రం ఈ వారంలోనే చెయ్యండి. బీఎస్సీ ఒరిజినల్ డిగ్రీ తీసుకున్నారా? ప్రొవిజనల్, సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) చేతికి రాగానే చాలామంది ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) అప్లై చెయ్యడం మర్చిపోతారు. మీ యూనివర్సిటీ నుంచి ఓడీ, వేరే యూనివర్సిటీలో చేరడానికి మైగ్రేషన్ సర్టిఫికెట్, రెండింటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టండి. మీరు హన్మకొండలోనే ఉండే సెలవు రోజు యూనివర్సిటీకి పనిదినమైతే, స్వయంగా వెళ్లి ఆ పని ముగించుకుని రండి.